ఇంజను ఆగినా ఆరని లైటు

రెండో నెంబరు పంపుహౌసు
జూన్ 9

ఒరే షార్టూ,

కవరు చూసి కంగారుపడకు. మీ అక్క బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను. బాగోలేనిది బండి. ఫోనులో చెబుదామంటే మీ షాపులో ఆ హారన్ల గోలకి నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం తప్ప ఒక్క ముక్క వినవు. పైగా వైర్ల సంగతి బొమ్మ గీస్తే గాని నా బుర్రకి ఎక్కదు.

సంగతి హెడ్‌లైటు. నా పని నీకు తెలిసిందే కదా. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఊరు చుట్టూ పద్నాలుగు వాల్వులు తిప్పాలి. ఆరులోపల నీళ్ళు రాకపోతే కుళాయిల దగ్గర నిలబడ్డవాళ్ళు మా వంశంలో ఒక్కరినీ వదలరు. ఇన్నేళ్ళూ ఆ గుడ్డిదీపంతోనే తిరిగాను. ఈమధ్య ఎందుకో అస్సలు చాలట్లేదు. ముందు చక్రం పడ్డాక గాని గుంత ఉందని తెలియట్లేదు. నిన్న వాల్వు మూత పక్కనే నిలబడి మూత ఎక్కడుందా అని కాలితో తడుముకున్నాను. ఇక్కడి మెకానిక్కు మూడు బల్బులు మార్చి, నాలుగోసారి నన్ను చూడగానే టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నువ్వు పని మానుకుని రానక్కర్లేదు. ఏం కొనాలో, ఏ వైరు ఎక్కడ కలపాలో రాసి పంపు. ముప్ఫై హార్స్‌పవర్ మోటార్లు విప్పి బిగించిన చేతులివి, ఈ మాత్రం చేసుకోలేనా. ఉత్తరం మాత్రం పంపుహౌసుకే రాయి. ఇంటికి రాస్తే "నా తమ్ముడు నాకు రాయకుండా మీకెందుకు రాశాడు" అని మీ అక్క మూడు రోజులు మూతి ముడుచుకుంటుంది.

మీ బావ


షాపు నుంచి
జూన్ 17

బావా,

ముందు నా గోడు విను. ముద్దుపేరు లోపల రాస్తే సరిపోదా, కవరు మీద కూడా "షార్టు" అనే రాయాలా? పోస్ట్‌మ్యాన్ వీధి మధ్యలో నిలబడి గట్టిగా చదివాడు. పదిహేనేళ్ళ నుంచి ఆటో ఎలక్ట్రీషియన్‌గా సంపాదించుకున్న పరువు ఒక్క కవరుతో పోయింది.

ఇక బండి. నీ బండిలో లోపం బల్బుది కాదు, పుట్టుకది. లోపల కాయిల్ ప్లేటు ఉంది చూడు, అందులో ఒక చుట్ట బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, అదీ సగం సగం. ఇంకో చుట్ట నేరుగా హెడ్‌లైటుకి పోతుంది. లైటుకీ బ్యాటరీకీ మాటల్లేవు. ఇంజను ఉరికితే లైటు ఉంటుంది, నీరసపడితే నీరసపడుతుంది, ఆగితే చీకటి.

నువ్వు చేయాల్సింది ఇది. మాగ్నెట్ ఊడదీసి కాయిల్ ప్లేటు నాకు పార్సిల్ చెయ్యి. లావు తీగతో నేనే మళ్ళీ చుట్టి, ఎర్త్‌కి అతికించిన కొసని ఎత్తి వేరే వైరుగా బయటికి తీసి పంపుతాను. ఆ రెండు కొసలూ కొత్త రెగ్యులేటరుకి, అక్కణ్ణించి కరెంటు మొత్తం బ్యాటరీకి. బ్యాటరీ కూడా ఒక సైజు పెద్దది వెయ్యి. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి యాభై అయిదు వాట్ల బల్బు. రిలే ఉంటే హ్యాండిలు మీది స్విచ్చి కాలదు. ఫ్యూజు మర్చిపోతే బండే కాలుతుంది. బొమ్మ వెనకపేజీలో ఉంది. కాయిల్ నా దగ్గరున్న వారం రోజులూ సైకిలు తొక్కు, పొట్ట తగ్గుతుంది.

ఇదంతా రాస్తుంటే నవ్వొచ్చింది. నాకు పన్నెండేళ్ళప్పుడు ఈ బండి మీదే కదా మొదటిసారి వైరు కలిపి సీటు కిందనుంచి పొగ తెప్పించాను. అక్క పరిగెత్తుకొస్తే "నేనే తప్పు కలిపాను" అన్నావు. ఇవాళ్టికీ దానికి నిజం తెలీదు. ఆ రోజు నువ్వు అలా అనకపోతే నేను మళ్ళీ వైరు ముట్టుకునేవాణ్ణి కాదు.

ఇక మీద ఇంజను ఆగినా నీ లైటు ఆరదు బావా. గ్యారంటీ.

నీ బామ్మర్ది


పంపుహౌసు
జూలై 14

ఒరే ఇంజనీరూ,

(షార్టు అనలేదు, చూశావా.)

బిగించాను. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర మీటరు పద్నాలుగు పాయింట్ ఒకటి చూపిస్తోంది. నువ్వు రాసినట్టే ఇంజను ఆపి చూశాను, లైటు ఆరలేదు. మా వాచ్‌మన్ బయటికొచ్చి "లారీ వచ్చిందనుకున్నా సార్" అన్నాడు.

మీ అక్క సంగతి విను. ఆసుపత్రి లాండ్రీలో దాని డ్యూటీ అయిదింటికి కదా. చీకట్లో నా బండి ఎక్కమంటే పెళ్ళైనప్పటి నుంచి ఒకటే పాట, "నాకింకా బతకాలనుంది" అని. ఫస్టు బస్సుకే పోయేది. మొన్న ఇంటి ముందు లైటు వేసి చూపించాను. వీధి చివర గేటు మీద రాసిన నెంబరు చదివింది. సోమవారం నుంచి నా వెనకే వస్తోంది. దాన్ని ఆసుపత్రి గేటు దగ్గర దించి మిగతా వాల్వులకి పోతున్నాను. దారి పొడుగునా తమ్ముడి గొప్పలే. నీ అంత పనివాడు ఈ భూమ్మీద లేడట.

అన్నట్టు, ఒక్క చిన్న సంగతి. మధ్యలో బ్రహ్మాండంగా ఉంది గాని పక్కలు చీకటిగా ఉన్నాయి. లైటు అద్దం మార్చమంటావా? పోయిన వారం మంచం కోడు తగిలి కాలి గోరు లేచింది, రెండు రోజులు కిక్కు కొట్టలేక తోసి స్టార్ట్ చేశాను. మీ అక్క ఇల్లు సర్దినప్పుడల్లా సామాన్లు నడిచి నా కాళ్ళ దగ్గరికొస్తాయి. గ్లాసులు కూడా అంతే, ఈ నెలలో మూడు పగిలాయి.

మీ బావ


షాపు
జూలై 24

బావా,

వోల్టేజీ సరిగ్గా ఉంది. బల్బు సరైనదే. అద్దం, దాని వెనక రిఫ్లెక్టరు కొత్తవి పంపుతున్నాను, వేసి చూడు. దానికీ పక్కలు చీకటిగానే ఉంటే ఒక పని చెయ్యి. ఇది మా షాపులో కొత్త లైటు వేసినప్పుడల్లా చేసేదే. బండిని స్టాండు వేసి గోడకి పది అడుగుల దూరంలో లైటు వెయ్యి. బండి వెనక నువ్వూ ఇంకొకరూ నిలబడండి. తల తిప్పకుండా ఎవరికేం కనిపిస్తే అది కాగితం మీద రాయండి. ఒకరిది ఒకరు చూడకూడదు. రెండు కాగితాలూ నాకు పంపు.

గ్లాసుల సంగతి నవ్వులాటకి రాశావా, నిజంగానా?

బామ్మర్ది


పంపుహౌసు
ఆగస్టు 20

ఒరే,

ఆలస్యమైంది. పైపులైను పగిలి పదిరోజులు బురదలోనే కాపురం.

కొత్త అద్దం వేసినా పక్కలు అంతే. నీ పరీక్ష చేశాం. వాచ్‌మన్ కాగితం ఇందులో పెట్టాను. వాడికి చదువు రాదు, చెబుతుంటే వాళ్ళమ్మాయి రాసింది. గోడ, గోడ మీద పిల్లి, ఎడమవైపు పైపుల కుప్ప, కుడివైపు తీగ మీద ఆరేసిన వాడి చొక్కా, చొక్కాకి ఊడిన బొత్తాం. వాడు మొదట్నుంచీ ఉన్నదానికి రెండింతలు చెప్పే రకం.

నాకు గోడ కనిపించింది. అన్నం తినే పళ్ళెమంత. పిల్లి నేను చూసేసరికి దిగిపోయి ఉంటుంది.

వంద వాట్ల బల్బు దొరుకుతుందంటున్నారు. కాయిల్ తట్టుకుంటుందా?

బావ


షాపు
ఆగస్టు 27

బావా,

వంద వాట్లు వద్దు. బండిలో లోపం లేదు. నా చేత్తో చుట్టిన కాయిల్ అది, నాకు తెలుసు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఈ వారమే వెళ్ళు. నీ కాళ్ళు పట్టుకుంటాను.


పంపుహౌసు
సెప్టెంబరు 30

ఒరే,

వెళ్ళాను. ఈ ఊళ్ళో కాదు, రెండు గంటలు బస్సులో పోయి చూపించుకున్నాను. మీ అక్కకి మోటారు స్పేర్లు తేవాలని చెప్పాను.

డాక్టరమ్మ చాలా చిన్నపిల్ల. ఓపిగ్గా బొమ్మ గీసి మరీ చెప్పింది. కంటి లోపలి పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందట. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కలు మూసుకుంటూ వస్తాయి, మధ్యలో చిల్లంత మిగులుతుంది, కొన్నాళ్ళకి అదీ పోతుంది. ఎన్నాళ్ళకి అంటే చెప్పలేమంది. మందు లేదు. ఆపరేషన్ లేదు. లైటు ఎంత పెంచినా లాభం లేదు. "బండి నడుపుతున్నారా?" అని అడిగింది. లేదన్నాను.

ఇది వంశంలో దిగే జబ్బట. మా నాన్న గుర్తున్నాడా నీకు? సాయంత్రమైతే మంచం దిగేవాడు కాదు. "ఏం ఒళ్ళు బరువయ్యా నీకు" అని మా అమ్మ తిట్టని రోజు లేదు, నేనూ నవ్వేవాణ్ణి. ఆయనకి ఏమీ కనిపించేది కాదని ఆ గదిలో కూర్చున్నప్పుడు తెలిసింది నాకు. ఆయన ఎవరికీ చెప్పలేదు, తిట్లు తింటూనే పోయాడు. మాకు పిల్లలు లేరని మీ అక్క ఎంత ఏడ్చిందో నీకు తెలుసు. ఈ ఒక్క విషయంలో లేకపోవడమే మంచిదైంది.

నా సర్వీసు ఇంకా పదహారు నెలలుంది. ఆఫీసులో ఏటేటా కళ్ళు చూస్తారు గాని పదకొండేళ్ళుగా గోడ మీద అదే చార్టు, నాకు కంఠతా వచ్చు. అయినా మధ్యలో చూపు బాగానే ఉంది, ఆఖరి వరస కూడా చదివేస్తాను. చదవగలిగినవాడికి చూపు లేదని ఎవరనుకుంటారు? తెలిసిన రోజున ఉద్యోగం పోతుంది, దానితో పాటు ఈ క్వార్టర్సూ పోతుంది. అదొక్కటే కాదులే. మీ అక్క నా చెయ్యి పట్టుకుని వీధి దాటించే రోజు తలుచుకుంటే నాకు ఊపిరాడదు. దాన్ని ఇరవై రెండేళ్ళుగా నేను దాటిస్తున్నానురా.

అక్కకి చెప్పకు. నీ సీటు కింద పొగ సంగతి నేను చెప్పలేదు కదా, అలాగే నువ్వూ చెప్పకు. ఇంకో మాట. కాళ్ళ ముందుండే ఇనుప గార్డుకి రెండు వైపులా చిన్న లైట్లు బిగిస్తే పక్కలు కాస్త తేరుకుంటాయేమో. డాక్టరమ్మకి బండ్ల సంగతి ఏం తెలుసు. పంపుతావా?

బావ


షాపు
అక్టోబరు 18

బావా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. చొక్కా జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను. పదహారు నెలల సర్వీసు, క్వార్టర్సు, అక్క నీ చెయ్యి పట్టుకుని దాటించడం, అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. నిన్న ఒక కారు వైరింగంతా తలకిందులుగా కలిపేసి మళ్ళీ విప్పాను.

అక్కకి చెప్పేద్దామని రెండుసార్లు మీ ఇంటికి ఫోను చేశాను. రెండుసార్లూ అక్క ఎత్తింది. "నీ లైటు పట్టపగల్లా ఉందిరా, ఇప్పుడు బస్సు కోసం పరుగులు లేవు, ఆయనతో కబుర్లు చెప్పుకుంటూ పోతున్నాను, మాకు మళ్ళీ కొత్తగా పెళ్ళైనట్టుంది" అంది. నేనేమన్నానో తెలుసా? "బ్యాటరీలో నీళ్ళు చూసుకోమను" అన్నాను. అంతే. ఆ మాట అని ఫోను పెట్టేసి షట్టరు సగం దించి ఏడ్చాను.

లైట్లు పంపుతున్నాను. పంపకూడదని తెలుసు. డాక్టరు చెప్పింది నిజమనీ తెలుసు. కానీ నాకు వచ్చిందల్లా ఇదే బావా, ఎవరైనా కనిపించట్లేదంటే ఇంకో లైటు పెట్టడం. ఒక్కోటి ఇరవై వాట్లు. కొత్త కాయిల్ నూట పది దాకా ఇస్తుంది, హెడ్‌లైటు యాభై అయిదు, ఇవి రెండూ కలిపి నలభై, అంతా సరిపోతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు తక్కువైంది బ్యాటరీ చూసుకుంటుంది. వేరే ఫ్యూజు, వేరే రిలే వెయ్యి.

రెండు షరతులు. బండి వేగం ఇరవై దాటకూడదు. అక్కని ఎక్కించుకోకూడదు. మొదటిది తప్పినా క్షమిస్తాను, రెండోది తప్పితే నీకూ నాకూ ఇక ఏమీ లేదు.

బామ్మర్ది


పంపుహౌసు
నవంబరు 22

ఒరే,

బిగించాను. వాచ్‌మన్ ఇప్పుడు కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుంటున్నాడు. ఎదురొచ్చే బండ్లవాళ్ళు తిట్టిపోతున్నారు. ఊరంతటికీ నేను కనిపిస్తున్నాను, నాకే ఊరు కనిపించట్లేదు.

మీ అక్కని ఎక్కించుకోవద్దన్నావు. ఏ కారణం చెప్పి వద్దనను? లైటు లేదనా? రెండు రోజులు ముందే వెళ్ళిపోయాను, డ్యూటీ మారిందని అబద్ధమాడాను. మూడో రోజు నాకంటే ముందు లేచి బండి తుడిచి కూర్చుంది. "నా మీద కోపమా?" అంది. ఎక్కమన్నాను.

భయపడకు. నాకు ఈ ఊరు కంఠతా వచ్చు. మలుపు నుంచి మలుపుకి లెక్కపెట్టుకుంటూ పోతాను. పాలబూతు దాటాక పదకొండు అంకెలు, ఎడమకి. స్కూలు గోడ మొదలయ్యాక ముప్ఫై, గతుకు. రోడ్డు మీద రోజూ ఉండేవన్నీ నాకు తెలుసు. రోజూ ఉండనివే తెలియవు.

అది వెనక కూర్చుని నా జేబులో చెయ్యి పెట్టుకుంటుంది, చలికి. అంతసేపూ నేను లెక్క తప్పకూడదని అంకెలు గొణుక్కుంటూ పోతాను. ఇంటికొచ్చాక చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. ఇలా ఇంకా పద్నాలుగు నెలలు. ఒక్కోసారి ఇప్పుడే అంతా మూసుకుపోతే బాగుండుననిపిస్తుంది. అప్పుడు దాచడానికి ఏమీ ఉండదు.

బావ


షాపు
డిసెంబరు 11

బావా,

మలుపులు లెక్కపెట్టుకుంటూ అక్కని ఎక్కించుకుని పోతున్నావా? ఇక నా వల్ల కాదు. వచ్చే ఆదివారం వస్తున్నాను. అక్కకి నేనే చెబుతాను. నువ్వు తిట్టు, కొట్టు, జీవితాంతం మాట్లాడకు, పర్వాలేదు. ఇది స్పీడ్‌పోస్టులో వేస్తున్నాను, అందినప్పటి నుంచి నేనొచ్చేదాకా బండి తీయకు. వాచ్‌మన్ సైకిలు వెనక ఎక్కి పో. అయిదు రోజులే కదా.

నీ షార్టు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నిన్న చేతికి కట్టు విప్పారు. వేళ్ళు ఇంకా సరిగా వంగట్లేదు, అక్షరాలు వంకర పోతున్నాయి. ఎలాగోలా చదువుకో.

మొన్న పంపుహౌసు నుంచి ఆయన సామాను పంపారు. వాల్వు తిప్పే కడ్డీ, స్వెట్టరు, ఒక రేకుడబ్బా. డబ్బాలో నీ ఉత్తరాలున్నాయి. అన్నీ వరసగా పెట్టుకున్నారు. ఆఖరిది మాత్రం విప్పలేదు, మా బండి పడిన మర్నాడు వచ్చిందట. దాన్ని నేను పళ్ళతో చింపాను.

ఆయన నీకేం రాశారో నీ జవాబులు చదివితే తెలిసింది. డబ్బాలో అడుగున డాక్టరు చీటీ కూడా ఉంది.

నువ్వు వచ్చి వారం రోజులు నా మంచం పక్కన కూర్చున్నావు. నాకు అన్నం తినిపించావు. తల దువ్వావు. "రోడ్డు మీద అలా పైపుల ట్రాలీ వదిలేసినవాణ్ణి నరికేయాలి" అని నలుగురి ముందూ అరిచావు. అప్పటికైనా నాకు ఒక్క మాట చెప్పలేదు. నేను నిద్రపోయాననుకుని గోడకి తల కొట్టుకున్నావు. బావంటే ఎంత ప్రేమోనని నేనే నిన్ను ఓదార్చాను కదరా.

ఇప్పుడు నేను చెబుతాను విను. పోలీసులకి కూడా ఇది చెప్పలేదు.

నాకు ఆ ట్రాలీ కనిపించింది. చాలా దూరం నుంచే కనిపించింది. ఎడమవైపు సగం రోడ్డు మీదికి ఉంది, పైపులు వెనక్కి పొడుచుకొచ్చి ఉన్నాయి, చివర ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ చిరిగి ఉందని కూడా చూశాను. నీ లైట్లలో అంత బాగా కనిపించింది. నాకే ఇంత బాగా కనిపిస్తుంటే ముందు కూర్చున్న మనిషికి కనిపించదని ఎలా అనుకుంటాను? ఇప్పుడు తిప్పుతారు, ఇప్పుడు తిప్పుతారు అనుకుంటూ కూర్చున్నాను. ఆయన తనలో తనే గొణుక్కుంటున్నారు. ఏదో పాట పాడుకుంటున్నారనుకున్నాను. లెక్కపెట్టుకుంటున్నారని నాకేం తెలుసు.

అరవడానికి నాకు చాలా టైము దొరికింది తమ్ముడూ. ఎంత టైమంటే, లాండ్రీలో దుప్పట్లు ఎన్ని మిగిలాయో కూడా మధ్యలో ఆలోచించాను.

పాత లైటే ఉంటే నేను ఆ బండి ఎక్కేదాన్నే కాదు. నువ్వు ఫోనులో ఆ ఒక్క మాట చెప్పుంటే ఎక్కేదాన్ని, కానీ ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఎడమ, కుడి, గుంత, ఆగండి అని చెబుతూ కూర్చునేదాన్ని. పదహారు నెలలేమిటి, పదహారేళ్ళు చెప్పేదాన్ని. క్వార్టర్సు పోతే ఒక్క గది చాలు మాకు. నా చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడ్డారా ఆయన? ఇద్దరూ కలిసి నన్ను కాపాడదామనుకున్నారా? ఎవరి నుంచి?

సీటు కింద పొగ నీ పనేనని నాకు ఆ రోజే తెలుసు. నీ కనుబొమలు కాలి ఉన్నాయి. పిల్లాడు భయపడ్డాడులే అని ఊరుకున్నాను. ఆ రోజే ఇద్దరికీ చెరో దెబ్బ వేసి ఉండాల్సింది.

నువ్వు ఇప్పుడే రావద్దు. నేను పిలిచినప్పుడు రా. పిలుస్తానో లేదో నాకు తెలీదు.

ఒక సంగతి మాత్రం నీకు తెలియాలి, పనివాడివి కదా. బండి పడగానే ఇంజను ఆగిపోయింది. చుట్టూ ఒక్క చప్పుడు లేదు. నా చెయ్యి సీటు కింద ఇరుక్కుపోయింది, ఆయన నాకు నాలుగడుగుల దూరంలో పడున్నారు. నువ్వు రాసిచ్చిన గ్యారంటీ నిజమేరా, లైటు ఆరలేదు. సరిగ్గా ఆయన మొహం మీదే పడింది. నేను పిలుస్తూనే ఉన్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, అంత వెలుగు పడుతున్నా రెప్ప వేయలేదు. మనుషులు రావడానికి అరగంట పట్టింది. అంతసేపూ అది వెలుగుతూనే ఉంది, అంతసేపూ ఆయన నాకు కనిపిస్తూనే ఉన్నారు.

అక్క